కంపెనీ డబ్బుతో పిల్లల హోమ్‌కు ఏడాదంతా మంచి తిండి అందించడం ఎలా?

మా నల్లగొండలో నవంబరు 14 వచ్చిందంటే పిల్లల హోమ్‌లకు తీరిక ఉండదు. పొద్దున ఒకరు ఇడ్లీ తెస్తారు, మధ్యాహ్నం ఇంకొకరు బిర్యానీ తెస్తారు, సాయంత్రం మరొకరు కేకు కోయిస్తారు. ఆగస్టు 15న, జనవరి 1న కూడా అంతే. అదే హోమ్‌కు మే నెల రెండో వారంలో వెళ్ళి చూడండి. పప్పు డబ్బా అడుగు కనిపిస్తుంది. కొన్నేళ్ళ కింద ఒక హోమ్‌లో వంట చేసే అక్క నాతో అన్నది: "సారూ, బిర్యానీ మస్తు వస్తది. రేపు పొద్దుగాల పోరగాండ్లకు ఏం పెట్టాల్నో అది చెప్పుండ్రి."

కంపెనీలతో మాట్లాడటానికి పోయినప్పుడల్లా ఆ మాటే గుర్తు పెట్టుకుని పోతున్నా. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ ప్రాంతంలో ఇప్పుడు కంపెనీలు తక్కువేం లేవు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) మందుల కంపెనీలున్నాయి. చౌటుప్పల్ వైపు కెమికల్ ఫ్యాక్టరీలు, మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్ళు ఎవరైనా, ఊళ్ళో చిన్న ట్రస్టు నడిపేవాళ్ళు ఎవరైనా పూనుకుంటే, ఒక హోమ్‌లోని పిల్లలకు ఏడాది పొడవునా గుడ్డు, పాలు అందేలా చేయవచ్చు. ఆ పని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ముందు హోమ్ సంగతి

డబ్బు గురించి మాట్లాడకముందే ఆ హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని ఉంచుకుని చూసుకునే ప్రతి సంస్థ రిజిస్టర్ కావాలి. ప్రభుత్వం నడిపినా, స్వచ్ఛంద సంస్థ నడిపినా ఇదే నియమం. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు ఇస్తారు, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. సర్టిఫికెట్ అడిగితే మంచి వార్డెన్లు ఏమీ అనుకోరు, వెంటనే చూపిస్తారు. అందులో తేదీ చూడండి, ఎంతమంది పిల్లలకు అనుమతి ఉందో చూడండి. అనుమానం ఉంటే జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో, బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని పెట్టుకున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి. అలాంటి చోటికి బియ్యం బస్తాలు పంపడం మొదలుపెడితే పిల్లలకు మేలు జరగదు. ఆ చోటు అలాగే కొనసాగడానికి మనమే ఆసరా ఇచ్చినట్టవుతుంది.

ఇంకో సంగతి. హోమ్‌లో ఉన్న పిల్లలందరూ తల్లీ తండ్రీ లేనివాళ్ళు అనుకోకండి. చాలామందికి తల్లో, తండ్రో, ముసలి నానమ్మో ఉంటారు. తండ్రి చనిపోయి తల్లి కూలికి వలస పోయిన పిల్లలు పాలమూరులో ఎంతమందో. వాళ్ళ ముందు "అనాథలు" అనే మాట వాడకండి. బ్యానర్ మీద అసలే వేయించకండి. ఆ అక్షరాలు చదివే వయసు వాళ్ళకు ఉంటుంది.

ఆరేళ్ళలోపు పిల్లలుండే శిశుగృహల విషయం వేరు. అక్కడ తిండి సంగతి డాక్టరు, నర్సు చెప్పినట్టే జరగాలి. మన ఆలోచనలు అక్కడికి తీసుకెళ్ళవద్దు.

వంటగదిలో ఒక పూట కూర్చోండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నాకైతే పని మొత్తానికి ఇదే ముఖ్యం. వార్డెన్‌ను అడిగి, పొద్దున ఆరింటికి వెళ్ళి వంట చేసే అక్క పక్కన పీట వేసుకుని కూర్చోండి. ఏం వండుతున్నారు, ఎంత వండుతున్నారు, సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, నెలలో ఏ రోజుల్లో కటకట అవుతుంది, ఇవన్నీ ఆమెకు లెక్కతో సహా తెలుసు. స్టాక్ రిజిస్టర్‌లో కనబడని సంగతులు ఆమె నోట వింటారు.

అడగాల్సిన ఇంకో ప్రశ్న బడి గురించి. హోమ్ పిల్లలు సర్కారు బడికి పోతే మధ్యాహ్నం అన్నం అక్కడే తింటారు. బడికి సెలవులొస్తే ఆ పూట కూడా హోమే వండాలి. అంటే పిల్లలు పగలంతా హోమ్‌లోనే ఉండే దసరా, సంక్రాంతి సెలవులు, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 11 దాకా ఉండే ఎండాకాలం సెలవులు హోమ్‌కు బరువైన రోజులు. దాతలు వచ్చేది మాత్రం వేరే రోజుల్లో. ఈ రెండింటినీ ఒక క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. దాతలు వచ్చే రోజులకు ఒక రంగు, ఇబ్బందయ్యే రోజులకు ఇంకో రంగు. ఆ కాగితం చూపిస్తే ఏ మేనేజర్‌కైనా విషయం అర్థమవుతుంది.

పిల్లలకు ఎంత తిండి పెట్టాలో కూడా రాసిపెట్టి ఉంది. 2016 నాటి బాలల న్యాయ మోడల్ రూల్స్ ప్రకారం ఒక పిల్లకు లేదా పిల్లాడికి రోజుకు 600 గ్రాముల ధాన్యం ఇవ్వాలి, అందులో కనీసం 100 గ్రాములు గోధుమ, రాగి లేదా జొన్న ఉండాలి. పప్పు దినుసులు 120 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, వీటికి తోడు కూరగాయలు, ఆకుకూరలు, పెరుగు. వారంలో నాలుగు రోజులు గుడ్లు, లేదంటే ఒకసారి చికెన్. 60 మంది పిల్లలున్న హోమ్‌కు దీన్ని హెచ్చవేయండి. రోజుకు 36 కిలోల ధాన్యం, 7 కిలోల 200 గ్రాముల పప్పు, 9 లీటర్ల పాలు అవుతాయి. పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద హోమ్‌లో ఉండే ఒక్కొక్కరికి నెలకు 3,000 రూపాయల పోషణ ఖర్చు లెక్క ఉంది. తిండి, బట్టలు, సబ్బులు, పుస్తకాలు అన్నీ అందులోనే సర్దాలి. ముందు తగ్గేవి గుడ్లు, పాలు, పండ్లు, ఆకుకూరలు. బియ్యం ఎలాగో వస్తుంది. అందుకే కంపెనీ డబ్బును నేను బియ్యం మీద పెట్టించను.

ఏం ఇవ్వాలి?

గుడ్డుతో మొదలుపెట్టండి. లెక్క చూడండి. 60 మందికి రోజుకొకటి చొప్పున ఏడాదికి 21,900 గుడ్లు. ఒక్కోటి 7 రూపాయలనుకుంటే 1,53,300 రూపాయలు. అదే పిల్లలకు నెలకోసారి మనిషికి 200 చొప్పున బిర్యానీ పెట్టిస్తే ఏడాదికి 1,44,000. దాదాపు అదే డబ్బు. ఒకటి 12 పూటలు, ఇంకొకటి 365 రోజులు. బడిలో ఏ రోజుల్లో గుడ్డు పెడతారో తెలుసుకుని ఆ రోజుల్లో శనగ గుడాలు (గుగ్గిళ్ళు) గానీ, పెసర గుడాలు గానీ పెట్టించవచ్చు. గుడ్డు తినని పిల్లలకు పల్లీలు, బెల్లం ఇవ్వండి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లీకి పేరున్న నేలలు. పల్లీ పట్టీలు బయట కొనేకంటే హోమ్‌లోనే వారానికోసారి చేయిస్తే చవక, పిల్లలకు కూడా సరదా.

పండ్ల కోసం దూరం పోనక్కర్లేదు. నల్లగొండ బత్తాయి తోటల జిల్లా. ధర పడిపోయిన రోజుల్లో రైతులు తోటల్లో కాయను ఏం చేయాలో తెలియక తిప్పలు పడతారు. అప్పుడు నేరుగా రైతు దగ్గర కొంటే అటు రైతుకూ ఇటు పిల్లలకూ మేలు. చలికాలం మొదట్లో పాలమూరు సీతాఫలం, ఎండాకాలంలో కొల్లాపూర్ మామిడి ఉంటాయి. నకిరేకల్ మార్కెట్లో నిమ్మకాయ ఎప్పుడూ దొరుకుతుంది. పప్పులో, ఆకుకూరలో నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం తక్కువున్న ఆడపిల్లలకు ఇది చాలా అవసరం. అన్నం తిన్న వెంటనే టీ ఇచ్చే అలవాటు ఉంటే మాన్పించండి.

నీళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకలు వంచిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగడానికి మిషన్ భగీరథ కింద సర్కారు ఇచ్చే నల్లా నీళ్ళు పట్టి, వంటకు మాత్రం బోరు నీళ్ళు వాడే హోమ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. అన్నంలో, పప్పులో ఆ నీళ్ళే ఇంకిపోతాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బోరు నీళ్ళకు పరీక్ష చేయించడం, వంటగది దాకా భగీరథ పైపు వేయించడం కూడా తిండి ఖర్చులోనే రాయండి. ఎదిగే పిల్లలకు పాలు, పెరుగు, రాగి, మునగాకు రూపంలో క్యాల్షియం అందాలి. ఇలాంటి ఊళ్ళలో పాలు ఎప్పుడూ తగ్గనివ్వకండి.

పిల్లలు తినేది వాళ్ళ నాలుకకు తెలిసిన తిండి అయి ఉండాలి. పుంటికూర పప్పు, గంగవాయిలి కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే పళ్ళేలు ఖాళీ అవుతాయి. కంపెనీ వాళ్ళు ఒక్కోసారి ప్యాకెట్ పొడులు, బిస్కెట్ల పెట్టెలు తెస్తామంటారు. మర్యాదగానే వద్దని చెప్పి, ఆ డబ్బు పాల బిల్లుకు మళ్ళించమని అడగండి.

కంపెనీని అడగడం

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ తెలిస్తే మీ మాటకు బలం వస్తుంది. నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్‌ఆర్ అంటాం. ఆకలి, పోషకాహార లోపం పోగొట్టడం, అనాథ పిల్లలకు హోమ్‌లు, హాస్టళ్ళు ఏర్పాటు చేయడం రెండూ చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో ఉన్నాయి. కంపెనీ నడిచే చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. సగటు లాభం 5 కోట్లుంటే సీఎస్‌ఆర్ 10 లక్షలవుతుంది. మన 60 మంది పిల్లలకు ఏడాది గుడ్లు, పాలు కలిపి, పాలు లీటరు 60 రూపాయలనుకున్నా, మూడున్నర లక్షలు. అడగడానికి జంకాల్సిన పనేమీ లేదు.

ఎప్పుడు అడగాలనేది ముఖ్యం. చాలామంది మార్చిలో, మిగిలిన డబ్బు ఖర్చు చేసే హడావిడిలో పోతారు. అప్పుడు దొరికేది ఒక్కరోజు అన్నదానమే. వచ్చే ఏడాది ప్రణాళికలో చోటు దొరకాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే ఉత్తరం ఇవ్వాలి. సీఎస్‌ఆర్ ఖర్చు 50 లక్షలు దాటని కంపెనీకి ప్రత్యేక కమిటీ అవసరం లేదు, బోర్డే నిర్ణయిస్తుంది. అలాంటి చోట ప్లాంట్ హెడ్‌కు విషయం ఎక్కితే సగం పని అయినట్టే.

డబ్బు రెండు దారుల్లో రావచ్చు. కంపెనీ తానే కొని ఇవ్వవచ్చు. పాలకేంద్రానికి, గుడ్ల వ్యాపారికి కంపెనీ పేరు మీదే నెలనెలా బిల్లు వెళ్తుంది. చిన్న హోమ్‌లకు నాకు ఇదే నచ్చుతుంది, నగదు ఎవరి చేతుల్లోనూ తిరగదు. రెండో దారి ట్రస్టు ద్వారా. దానికి ఆ ట్రస్టుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, ఇలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నంబరు తీసుకోవడం తప్పనిసరి. ఆ నంబరు లేకుండా పోతే మంచి మనసున్న మేనేజర్ కూడా ఏమీ చేయలేడు. ఉద్యోగులు వచ్చి వడ్డించిన గంటలకు విలువ కట్టి సీఎస్‌ఆర్ ఖర్చులో చూపడం కుదరదు. కంపెనీ తన సొంత సరుకు ఇచ్చి దానికి ధర కట్టుకోవడం కూడా కుదరదు. ఇది ముందే చెప్పుకుంటే తర్వాత మాటపట్టింపులు రావు.

ఉత్తరం ఒక పేజీ చాలు. ఇలా రాయండి: "మీ ఫ్యాక్టరీకి దగ్గరలో ఉన్న ఈ రిజిస్టర్డ్ హోమ్‌లో 60 మంది పిల్లలున్నారు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు వీరికి రోజుకొక గుడ్డు, 150 మిల్లీలీటర్ల పాలు అందించడానికి మొత్తం 3,50,400 రూపాయలవుతుంది. బిల్లులు నెలనెలా మీ పేరు మీదే వస్తాయి. పిల్లల ఎత్తు, బరువుల వివరాలు పేర్లు లేకుండా మూడు నెలలకోసారి పంపుతాం." కింద హోమ్ సర్టిఫికెట్ కాపీ, మీరు రంగులు వేసిన క్యాలెండర్ జతచేయండి.

సరుకు చేరేదాకా

గుడ్లు వారానికి రెండుసార్లు తెప్పించండి. ట్రేలో 30 ఉంటాయి కాబట్టి 60 మందికి రోజుకు రెండు ట్రేలు, లెక్క తేలిక. వచ్చినప్పుడు పగిలినవి అక్కడికక్కడే తిప్పి పంపాలి. ఎండాకాలంలో నాలుగు రోజులకు మించి నిల్వ పెట్టించకండి. పాలు పొద్దున రావాలి, రాగానే కాచాలి. పప్పు, పల్లీలు నెలకోసారి, పాతది ముందు వాడేలా కొత్త డబ్బాలను వెనక పెట్టాలి. సరుకు దిగిన ప్రతిసారీ వార్డెన్ ఒక సంతకం, వంట చేసే అక్క ఇంకో సంతకం పెట్టాలి. ఆమెకు రాయడం రాకపోతే ఎదిగిన పిల్లల్లో ఒకరు రాస్తారు. రెండో సంతకం ఉంటే సరుకు వంటగది దాకా చేరిందని తెలుస్తుంది.

వండిన భోజనమే తెస్తామంటే

కొన్ని కంపెనీలు ఉద్యోగులతో కలిసి ఒక పూట పెట్టాలని కోరుకుంటాయి. ఆ కోరిక మంచిదే. అయితే ఇందులో ప్రమాదం ఉంది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో బడి భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. నేను కుదిర్చిన ఒక కార్యక్రమంలో కూడా తప్పు జరిగింది. మధ్యాహ్నం పన్నెండింటికి రావాల్సిన భోజనం మూడింటికి వచ్చింది. మే నెల ఎండలో వ్యాన్‌లో మూతలు బిగించి తెచ్చారు. పిల్లలు అప్పటిదాకా బ్యానర్ ముందు వరుసగా కూర్చుని ఎదురుచూశారు. అన్నం గోరువెచ్చగా ఉంది, ఎవరం రుచి చూడలేదు. రాత్రికి ఆరుగురికి వాంతులు పట్టుకున్నాయి. ఒక చిన్నపాప రెండు రోజులు లేవలేదు. ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు.

ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాట్లివి. వండే హోటల్‌కు ఆహార భద్రతా లైసెన్సు ఉండాలి. వండిన రెండు గంటల్లోపు వడ్డించాలి. వేడి తిండి 60 డిగ్రీల పైన వేడిగానే రావాలి, మూత తీస్తే పొగలు కనబడాలి. పెరుగు, చట్నీ హోమ్‌లోనే చేసుకోవాలి. పిల్లలకంటే ముందు ఇద్దరు పెద్దవాళ్ళు తిని చూడాలి. ప్రతి వంటకం నుంచి ఒక గిన్నెడు తీసి మరుసటి రోజు దాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, ఏదైనా జరిగితే డాక్టరుకు, అధికారులకు పనికొస్తుంది. ఆలస్యమైతే పిల్లలకు హోమ్ అన్నం పెట్టేయాలి, ఎవరి కోసమూ ఆపకూడదు. అందుకని ఆ రోజు కూడా పప్పు, అన్నం వండించే ఉంచాలి. పెళ్ళిళ్ళలో మిగిలింది తెస్తామని రాత్రి పదింటికి ఫోన్లు వస్తాయి. నేను వద్దనే చెబుతాను.

ఫొటోలు, ప్రసంగాలు

బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఈ పిల్లల పేరు, బడి, ఊరు, వాళ్ళను గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టవద్దంటుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. కంపెనీకి ఫొటో కావాలంటే గుడ్ల ట్రేలు, పాలక్యాన్లు, వంటగది, వడ్డించే చేతులు తీసుకోవచ్చు. పిల్లల ముఖం, యూనిఫాం మీద బడి పేరు పడకూడదు. ఈ మాట ముందే ఉత్తరంలో రాయండి. వచ్చిన రోజు చెబితే వాళ్ళకూ ఇబ్బంది, మనకూ టెన్షన్.

ప్రసంగాలుంటే పిల్లలు తిన్నాక. వచ్చినవాళ్ళు నిలబడి వడ్డించి వెళ్ళిపోవడం కంటే పక్కన కూర్చుని అదే అన్నం తినడం బాగుంటుంది. బయటివాళ్ళు ఎవరూ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, హోమ్ మనిషి ఎప్పుడూ కూడా ఉండాలి. పాటలు పాడించడం, థాంక్స్ చెప్పించడం వద్దు. అన్నం తిన్నందుకు ఏ పిల్లా చప్పట్లు కొట్టనక్కర్లేదు.

చూసుకుంటూ ఉండాలి

నెలకోసారి ఎత్తు, బరువు రాయించండి. బడికి వచ్చే ఆరోగ్య బృందాలతో రక్తపరీక్ష చేయించమని వార్డెన్‌కు గుర్తుచేయండి. వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలు, చిన్నవాళ్ళకు గులాబీ రంగువి, పదేళ్ళు దాటినవాళ్ళకు నీలం రంగువి, అందుతున్నాయో అడగండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర తప్పిపోకూడదు. కడుపులో పురుగులుంటే మనం పెట్టిన గుడ్డు వాటి పాలవుతుంది.

చెప్పకుండా వెళ్ళి చూడటం మంచిదే, కానీ తప్పు పట్టడానికి వచ్చినట్టు ఉండకూడదు. ఒకరోజు సాయంత్రం వెళ్ళి పిల్లలతో పాటు కూర్చోండి. "గుడ్డు ఎప్పుడు తిన్నరు?" అని ఒకరిద్దర్ని అడిగితే జవాబు తెలిసిపోతుంది.

కంపెనీ ఆపేయాలనుకుంటే మూడు నెలల ముందు చెప్పాలని ఒప్పందంలో రాసుకోండి. రోజూ గుడ్డు తినడం అలవాటైన పిల్లలకు ఒక సోమవారం పళ్ళెంలో గుడ్డు కనబడకపోతే ఎలా ఉంటుందో నేను చూశాను. ఆ మూడు నెలల్లో ఇంకో కంపెనీనో, ఊళ్ళో పదిమందినో కూడగట్టవచ్చు.

సెలవులకు నానమ్మల ఇళ్ళకు, అమ్మమ్మల ఇళ్ళకు పోయే పిల్లల సంగతి కూడా ఆలోచించండి. అక్కడ కూడా పొయ్యి మీద కరువే. వాళ్ళ సంచిలో రెండు కిలోల పప్పు, కిలో పల్లీలు, బెల్లం పెట్టి పంపండి. అలాంటి కుటుంబాలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. అది వస్తే పిల్ల హోమ్‌కు తిరిగి రాకుండా ఇంట్లోనే పెరగవచ్చు. బాలల పరిరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టడంలో సాయం చేయండి.

ఏప్రిల్ మొదటివారంలో వార్డెన్‌కు ఫోన్ చేసి ఈ ఎండాకాలం ఎంతమంది ఇంటికి పోతున్నారో, ఎంతమంది హోమ్‌లోనే ఉండిపోతున్నారో కనుక్కోండి. ఉండిపోయేవాళ్ళ సంఖ్యను బట్టి మే నెల పాలు, గుడ్లు అదే రోజు చెప్పేయండి.